సర్వేయరు గారి అభ్యంతరాలు

ఆసుపత్రి లాండ్రీ, మడతల గది
మార్చి 3

అక్కా,

ముందు సంగతి చెప్పేసి, ఆ తర్వాత నీ ఆరోగ్యం అడుగుతాను. ఈ ఏడాది పుస్తకం వంతు నాది.

మా గురువారం వాళ్ల గురించి ఎన్నిసార్లు చెప్పినా "టైలరు కొట్లో చేరే జనమేగా" అని తీసిపారేస్తావు. మళ్లీ చెబుతున్నా విను. మేం పన్నెండు మందిమి. గురువారం సాయంత్రం పనులు దిగాక టైలరు గారి కొట్టు వెనక, గుడ్డ కత్తిరించే బల్ల చుట్టూ చేరతాం. ఒకరు కవిత చదువుతారు. విన్నవాళ్లు ఊరికే బాగుంది అనేస్తే ఒప్పుకోం. తమకు గుర్తుండిపోయిన మాట ఏదో తిరిగి చెప్పాలి, అది మా పద్ధతి. ఏడాదికి ఒకరి పుస్తకం వేస్తాం. పళ్ల డాక్టరమ్మ టైపు కొడుతుంది, టైలరు గారు తన మిషను మీదే పేజీలు కుట్టేస్తారు, తక్కినవాళ్లు తలో చెయ్యీ వేస్తారు. జూన్ ఆఖరి గురువారానికి కవితలన్నీ బల్ల మీద పెట్టాలి. పెట్టలేకపోతే వంతు తర్వాతివాళ్లకి పోతుంది, మనం వరస చివరికి వెళ్తాం. అంటే మళ్లీ పదకొండేళ్లు. నాకిప్పుడు నలభై తొమ్మిది.

నా తర్వాత వంతు సర్వేయరు గారిది. ఆయనకి డెబ్బై ఎనిమిది. ఉద్యోగమంతా భూములు కొలిచారు, ఇప్పుడు నా కవితలు కొలుస్తున్నారు. నేను నోరు తెరిస్తే చాలు, ఆయన పెన్ను తెరుస్తారు. నిన్న ఇది చదివాను:

ఈ దుప్పటి మీద ఒకరు రాత్రంతా పడుకున్నారు.
ఎవరో తెలియదు, నేను మడత పెడుతున్నాను.
పొడుగు మనిషి అయ్యుండాలి,
కాళ్ల దగ్గర ఎక్కువ నలిగింది.

అప్పుడు ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "పొడుగు మనిషి అనడానికి ఆధారం ఏమిటండీ? పొట్టివాడు కాళ్లు తన్నుకున్నా నలుగుతుంది" అన్నారు. టైలరు గారు నవ్వు ఆపుకోలేక టేపు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

రోజూ మధ్యాహ్నం అరగంట విరామంలో చిత్తు కాగితాల్లోని కవితలన్నీ ఒక నోటుబుక్కులోకి ఎత్తి రాస్తున్నాను. మొత్తం యాభై రెండు. ఎత్తి రాసిన చిత్తు అప్పటికప్పుడే చించేస్తున్నాను, ఉంచితే మళ్లీ దిద్దబుద్ధేస్తుంది. పుస్తకం వచ్చిన రోజున నువ్వు రావాలి. బావ పేరు చెప్పి తప్పించుకోకు.

ఇంతకీ ఎలా ఉన్నావు?

చెల్లి


బస్టాండు, ఎంక్వైరీ కౌంటరు
మార్చి 12

చెల్లీ,

ఎలా ఉన్నావని చివరి లైనులోనైనా అడిగావు, సంతోషం. ఉన్నాను. రోజంతా మైకులో అరిచి ఇంటికి చేరేసరికి గొంతు ఉండదు. అందుకే ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయి.

పుస్తకం వస్తోందంటే మీ బావ భోజనం దగ్గర మూడుసార్లు ఆ మాటే ఎత్తారు. నాకు మాత్రం కవితల తలా తోకా తెలియవని నీకు తెలుసు. నేను చదివేది ఊరి పేరు, టైము, ప్లాట్‌ఫారం నంబరు. అది విని జనం బస్సెక్కుతారు. నీది విని ఎక్కడికి వెళ్తారో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఆ సర్వేయరు గారు అడిగింది నాకు సబబుగానే అనిపించింది. పొడుగు మనిషని నువ్వెలా చెప్పావు?

రాసుకో, కాదనను. ఆ మోకాలు మాత్రం ఎవరికైనా చూపించుకో. ఆసుపత్రిలో పనిచేస్తూ డాక్టరు దగ్గరికి వెళ్లని మనిషి నువ్వొక్కదానివే. పుస్తకంలో నా గురించి రాయకు. మీ బావ గురించి అసలే రాయకు, ఆయన ఊరంతా చూపించుకు తిరుగుతారు.

అక్క


లాండ్రీ
ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పుస్తకం పని సాగుతోంది. ఎండలు ముదిరాయి, డ్రైయర్ల దగ్గర నిలబడలేకపోతున్నాం. మోకాలు ఫరవాలేదు. బావని అడిగానని చెప్పు.

చెల్లి


బస్టాండు
ఏప్రిల్ 27

చెల్లీ,

జ్వరం నూట రెండున్నప్పుడు కూడా నాలుగు పేజీలు రాసిన మనిషివి. ఈసారి ఆరు లైన్లు రాసి, అందులో ఒకటి ఎండల గురించి రాశావు.

చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "అక్కా, వాన వచ్చేలా ఉంది కదా" అన్నావు. అప్పుడూ నాకు తెలిసిపోయింది. ఏమైందో దాచకుండా రాయి. రాయకపోతే బస్సెక్కి వచ్చేస్తాను. ఏ బస్సు ఎప్పుడుందో నన్నెవరూ అడగనక్కర్లేదు.

అక్క


ఇల్లు
మే 2

అక్కా,

నోటుబుక్కు ఉతికేశాను.

నా పనేమిటో నీకు తెలుసు. మిషన్లోకి వేసేముందు ప్రతి జేబూ వెతకాలి. పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రిలో అందరి జేబులూ వెతికింది నేనే. పెన్నులు, మాత్రలు, ఒకసారి పళ్ల సెట్టు కూడా తీశాను. ఏప్రిల్ పద్నాలుగున షిఫ్టు దిగుతూ నా ఏప్రన్ విప్పి గంపలో పడేశాను. జేబులో నోటుబుక్కు ఉంది. ఆ గంప ఎత్తి మిషన్లో వేసింది కూడా నేనే. నా జేబు నేను వెతుక్కోలేదు.

మూత తీసేసరికి నలభై దుప్పట్ల నిండా తెల్లటి పొట్టు. మొదట ఎవరో కాగితం రుమాలు మర్చిపోయారనుకుని తిట్టుకున్నాను. పొట్టులో నీలంగా ఏదో కనిపించింది. నా చేతిరాతలో "కాళ్ల" అన్న మాట. ఫిల్టర్లు పూడుకుపోయాయని సూపర్‌వైజరమ్మ మెమో ఇచ్చింది. అది ఇచ్చేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేకపోయింది.

రాసింది నేనే కదా, గుర్తుండవా అంటావేమో. కూర్చుని ప్రయత్నించాను. నాలుగు కవితలు వచ్చాయి. తక్కినవాటి ఊసు గుర్తుంది, మాటలు గుర్తులేవు. ఏ మాట పక్కన ఏ మాట పెట్టానన్నదే కదా నేను చేసింది. అది పోయాక నా దగ్గర మిగిలిందేమీ లేదు.

నీకెందుకు చెప్పలేదంటే సిగ్గేసింది. పుస్తకం, పుస్తకం అని ఎగిరింది నేనే కదా.

పోయిన గురువారం వెళ్లి, నా వంతు సర్వేయరు గారికి ఇచ్చేయండి అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. పళ్ల డాక్టరమ్మ లేచి, "ఇన్నేళ్లుగా మీరు చదివిన ప్రతిదానికీ గుర్తున్న మాట చెబుతూనే ఉన్నాం, అవన్నీ ఎక్కడికి పోతాయి?" అంది. అందరూ తలకాయలు దులుపుకుని, నా కవితల్లో గుర్తున్నదంతా కాగితం మీద పెట్టి తెస్తారట. సర్వేయరు గారు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. వంతు దొరికితే ఆయనకి మేలే కదా అని నా మనసులో చెడ్డ ఆలోచన వచ్చింది. నీతో కాక ఎవరితో చెప్పుకోను?

చెల్లి


బస్టాండు
మే 8

నా పిచ్చి తల్లీ,

నీ ఉత్తరం కౌంటర్లోనే చదివాను. ఒకాయన మూడుసార్లు ఏదో బస్సు అడిగాడట, నాకు వినపడలేదు.

ముందు ఒకటి చెబుతాను. వంతు వదిలేశావో, నేను నీతో మాట్లాడను. పదకొండు మంది తమ పనులు మానుకుని నీ మాటల కోసం తలలు బద్దలుకొట్టుకుంటుంటే, నువ్వు దుప్పట్లు మడత పెట్టుకుంటూ ఏడుస్తావా?

ఇంకొకటి నా తప్పు. నువ్వు మొదట్లో ప్రతి ఉత్తరంలోనూ ఒక కవిత పెట్టి పంపేదానివి, ఆరేళ్లు పంపావు. ఒక్కటీ లేదు నా దగ్గర. కాగితం వెనక ఖాళీగా ఉండేది కదా, బస్సుల టైములు రాసుకునేదాన్ని. టైములు మారగానే చించేసేదాన్ని. రెండో వైపు ఏముందో తిప్పి చూసిన రోజులు చాలా తక్కువ. దాచావా అని నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిన్న ఇంట్లో పెట్టెలన్నీ తిరగేశాను. మీ బావ ఏం వెతుకుతున్నావని అడిగితే ఏడుపొచ్చింది.

నీ నోటుబుక్కు నువ్వు చూడకుండా ఉతికావు. నీ కవితలు నేను చూస్తూ చూస్తూ పారేశాను. ఇద్దరిలో ఎవరు పెద్ద తప్పు చేశారో నువ్వే చెప్పు. నన్ను తిట్టి రాయి, పడతాను. వంతు మాత్రం వదలకు.

అక్క


టైలరు గారి కొట్టు
జూన్ 9

అక్కా,

నిన్ను తిట్టే ఓపిక ఇప్పుడు లేదు, తర్వాత తీరిగ్గా తిడతాను. ఈ నెల్లో ఏం జరిగిందో విను.

మావాళ్లు మాట నిలబెట్టుకున్నారు. మూడు గురువారాలు వరసగా కాగితాలు తెచ్చి బల్ల మీద పోశారు. ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా తల తిరిగిపోయింది. అందరూ కవులే కదా, ఎవరి చేతులూ ఊరుకోలేదు. నా దుప్పటి కవితే తీసుకో. "కాళ్ల దగ్గర ఎక్కువ నలిగింది" అన్న చోట పళ్ల డాక్టరమ్మ "కాళ్ల దగ్గర వెన్నెల నలిగింది" అని రాసింది. ఆసుపత్రి వార్డులోకి వెన్నెలెలా వస్తుంది తల్లీ, అన్ని కిటికీలకూ తెరలుంటే? టైలరు గారి కాగితంలో ఆ దుప్పటి అంచు విడిపోయింది, ఎవరో దాన్ని కుట్టారు. బడిలో చరిత్ర చెప్పే మాస్టారి కాగితంలో దాని మీద ఒక యుద్ధవీరుడు పడుకున్నాడు. అందరూ నాకు గుర్తున్నది ఇదే అని ప్రమాణం చేస్తున్నారు. ఒక్కరూ అబద్ధం ఆడటంలేదు. ఇన్నాళ్లూ తమ మనసులో పెట్టుకుని దిద్దుకుంటూ వచ్చారు, అంతే.

అవి నాకంటే బాగా రాసినవి కూడా కావచ్చు. అయినా నావి కావు. వాళ్ల ముందు అలా అనలేకపోయాను. కాగితాలన్నీ ఎత్తుకుని, చాలా సంతోషం అని చెప్పి, వీధి మలుపు దాటాక ఏడ్చాను. ఇంత ప్రేమగా ఇచ్చినదాన్ని పుచ్చుకోలేకపోతున్నానే అని నా మీద నాకే కోపం. పెన్సిలు పట్టుకుని సర్వేయరు గారి పేరు మీద వంతు మార్పు కాగితం రాసేశాను. ఇదిగో, నువ్వు మాట్లాడనన్నావని తెలిసీ రాశాను.

అది ఇవ్వడానికి ఆయన ఇంటికి వెళ్లాను. గదిలో గోడకి కొలత గొలుసు ఒకటి వేలాడుతోంది, బల్ల మీద నోటుబుక్కులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కాగితం చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టారు.

"నాకు నా వంతు కావాలమ్మా. మీది నాకెందుకు?" అన్నారు.

తర్వాత మూడు నోటుబుక్కులు తీసి నా ముందు పెట్టారు. అట్ట మీద నా పేరు, కింద "అభ్యంతరాలు" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అక్కా, తొమ్మిదేళ్లుగా నేను చదివిన ప్రతి కవితకీ తేదీ వేసి, పాదం తర్వాత పాదం, ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఒక వైపు నా మాట, ఎదురుగా ఆయన అభ్యంతరం. "పొడుగు మనిషి: ఆధారం లేదు." "సబ్బు వాసన చల్లగా ఉందట: వాసనకి చల్లదనం ఉండదు." ఒక్క అక్షరం మార్చలేదు. ఎందుకు మార్చలేదని అడిగాను. "హద్దు ఉన్న చోటే గీయాలి. నాకు నచ్చిన చోట గీస్తే అది కొలత అవుతుందా?" అన్నారు. పోయిందని తెలిసిన రోజే ఎందుకు చెప్పలేదంటే, శుభ్రంగా ఎత్తి రాసి ఇద్దామని కూర్చున్నారట. చెయ్యి వణికి ఆలస్యమైంది. ఈయన గురించి నేను నీకు రాసిన మాట తలచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ చెడ్డ ఆలోచన కూడా ఆయనకే చెప్పేసి క్షమించమన్నాను. "అది మటుకు ఆధారం ఉన్న అనుమానమే" అని టీ తెచ్చారు.

అక్కడే కూర్చుని లెక్క చూశాను. యాభై రెండింట్లో నలభై ఐదు దొరికాయి. తక్కిన ఏడింటికీ తేదీ ఉంది, కవిత లేదు. కవిత ఉండాల్సిన చోట ఒక్క ముక్కే ఉంది: "అభ్యంతరం లేదు."

నాకు కాసేపు అర్థం కాలేదు. అభ్యంతరం లేనప్పుడు రాసుకోవాల్సిన అవసరం ఆయనకి రాలేదు. ఊరికే విన్నారు. అంటే, పోయిన ఆ ఏడూ ఆయనకి నచ్చినవి. తొమ్మిదేళ్లుగా నా మీద పగబట్టాడనుకున్న మనిషి పెన్ను మూసేసి నా కవిత విన్న రోజులు ఏడు ఉన్నాయి. అవి పోయాయని ఏడవాలో, ఉన్నాయని ఎగరాలో తెలియక, ఆయన ముందే పకపకా నవ్వాను.

మావాళ్లకి జరిగింది చెప్పాను, వాళ్ల కాగితాలు ఎందుకు వాడుకోలేనో కూడా చెప్పాను. పళ్ల డాక్టరమ్మ ముందు మూతి ముడిచింది, తర్వాత ఆ వెన్నెల తనకే ఉంచుకుంటానంది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని టైపు కొడుతోంది. ఆఖరి గురువారానికి ఇంకా పదిహేను రోజుల పైనే ఉంది. ఆ ఏడు కవితల చోట కొత్తగా ఏడు రాస్తాను. నాకు చేతనవును. మొదటిసారి ఈ మాట అనగలుగుతున్నాను.

చెల్లి


బస్టాండు
జూన్ 15

చెల్లీ,

సబబుగా మాట్లాడతారని నేను మొదటే అన్నానా లేదా? ఆయనకి నా తరఫున నమస్కారం చెప్పు. పొడుగు మనిషి విషయంలో నేనిప్పటికీ ఆయన పక్షమే అని కూడా చెప్పు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "అభ్యంతరం లేదు" దగ్గరికి వచ్చేసరికి కాగితం ఆయన ముందుకు తోశాను. ఆయన అందుకుని తక్కినది చదివారు.

ఏడూ రాయి. మోకాలి సంగతి ఇప్పుడు అడగను.

అక్క


లాండ్రీ, మడతల గది
సెప్టెంబరు 18

అక్కా,

నీకు సెలవు ఇవ్వనందుకు మీ కంట్రోలరు గారిని మావాళ్లందరూ కలిసి తిట్టారు. రాలేకపోయావు కాబట్టి అంతా చెబుతాను.

జూన్ ఆఖరి గురువారం యాభై రెండూ బల్ల మీద పెట్టాను. సర్వేయరు గారు కాగితాలు లెక్కపెట్టి, సరిపోయాయి అని సంతకం చేశారు. టైలరు గారు రెండు వందల పుస్తకాలు కుట్టారు. వాటి కోసం వారం రోజులు చొక్కాల పని పక్కన పెట్టారు.

ఆవిష్కరణ టైలరు కొట్లోనే అనుకున్నాం. మా లాండ్రీవాళ్లందరూ వస్తామన్నారు, అక్కడ పట్టం. అప్పుడు మెమో ఇచ్చిన సూపర్‌వైజరమ్మే వచ్చి, మడతల గది ఇస్తాను, ఇక్కడే పెట్టుకోండి అంది. దుప్పట్లు పరిచే పొడుగు బల్లల మీద నా పుస్తకాలు పరిచాం. వార్డుల నుంచి నర్సులు వచ్చారు, వంటగదివాళ్లు వచ్చారు. డెబ్బై మందికి తక్కువ లేరు. కుర్చీలు చాలక కొందరు ఉతికిన మూటల మీద కూర్చున్నారు. నేను చదివాను. నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలియలేదు, ఇన్నేళ్లూ మిషన్ల చప్పుడు మీద మాట్లాడిన గొంతు కదా.

చదివాక పద్ధతి ప్రకారం గుర్తున్న మాట అడిగారు. మావాళ్లు నోరు తెరిచేలోపే నా పక్కన పంతొమ్మిదేళ్లుగా ఇస్త్రీ చేసే ఆవిడ లేచి, నా జేబుల కవితలోంచి మూడు పాదాలు తడుముకోకుండా చెప్పింది. ఆవిడ నాతో వాన గురించి, జీతం గురించి తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు.

చివర్న సర్వేయరు గారు లేచి, ఒక అభ్యంతరం ఉందన్నారు. గదంతా నవ్వింది. "ముందుమాటలో నేను సాయం చేశానని రాశారు. ఆధారం లేదు. నేను చేసింది తప్పులు పట్టడం" అని కూర్చున్నారు. చప్పట్లు ఆగలేదు. ఆయన కళ్లద్దాలు తీసి ఎంతసేపు తుడుచుకున్నారో నేను చూశాను.

వచ్చే ఏడాది ఆయన వంతు. నేనిప్పుడే ఒక నోటుబుక్కు కొన్నాను, అట్ట మీద ఆయన పేరు రాశాను. ఒక్క అక్షరం మార్చను.

పుస్తకం విడిగా పంపుతున్నాను. వెనక అట్ట ఖాళీగానే ఉంది, కావాలంటే టైములు రాసుకో.

చెల్లి


బస్టాండు, ఎంక్వైరీ కౌంటరు
అక్టోబరు 6

చెల్లీ,

నీ దెప్పిపొడుపు అందింది. పుస్తకమూ అందింది.

పది రోజులు అట్ట తెరవలేదు, నిజం చెబుతున్నాను. చదివి అర్థం కాకపోతే నీకేం చెప్పాలి అని భయం. ఇంట్లో బల్ల మీద పెడితే మీ బావ చదివేసి ముందే చెప్పేస్తారని బ్యాగులో పెట్టుకుని తిరిగాను.

నిన్న సాయంత్రం ఐదు గంటల బస్సు దారిలో ఆగిపోయింది. ఎప్పుడొస్తుందో డిపోవాళ్లకే తెలియదు, నేనేం చెప్పను? కౌంటరు ముందు యాభై అరవై మంది. పిల్లల ఏడుపులు, పెద్దల అరుపులు. ఒకాయన అద్దం మీద కొడుతున్నాడు, చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి అని. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. చేతులు ఊరుకోక బ్యాగులోంచి నీ పుస్తకం తీశాను. నువ్వు కొత్తగా రాసిన ఏడింట్లో మొదటిది తెరుచుకుంది.

ఎదురుచూసేవాళ్ల కుర్చీల కవర్లు ఉతికాను.
కూర్చునే చోట అరగలేదు,
చేతులు ఆనించే చోట అరిగాయి.

తలెత్తి చూశాను. ఎదురుగా బెంచీల మీద కూర్చున్నవాళ్ల చేతులు చూశాను. ఇరవై ఆరేళ్లుగా రోజూ ఈ బెంచీలు చూస్తున్నాను, వాటి చేతుల రంగు ఎందుకు పోయిందో ఒక్కరోజూ ఆలోచించలేదు. మా చెల్లి ఇది చూసింది, నేను చూడలేదు అనుకున్నాను. నాకు అర్థమైంది, చెల్లీ. మొత్తం అర్థమైంది.

మైకు స్విచ్ వేశాను. ప్రయాణికులకు విజ్ఞప్తి అన్నాను, అలవాటు కొద్దీ. అందరూ చెవులు రిక్కించారు. అప్పుడు నీ కవిత చదివాను, మొదటి నుంచి చివరిదాకా. ఊళ్ల పేర్లు చదివినట్టు, మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా చదివాను. వేరేలా చదవడం నాకు రాదు. అద్దం మీద కొట్టినాయన చెయ్యి దించేశాడు. ఒక ముసలావిడ తన బెంచీ చెయ్యి నిమిరి చూసుకుంది. కంట్రోలరు గారు తలుపు దగ్గరికి పరుగున వచ్చారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన అక్కడే నిలబడి విన్నారు.

అయిపోయాక ఎవరూ అరవలేదు. బస్సు ఇంకా రాలేదు. అద్దం మీద కొట్టినాయనే వంగి, "ఎవరిదమ్మా అది?" అని అడిగాడు.

మా చెల్లెలిది అన్నాను, మైకులోనే.

అక్క